నలభై ఒక్క నల్ల గొడుగులు

బస్సు డిపో వెనకవైపు, టైర్లు మార్చే షెడ్డుకీ డ్రైవర్లు ముఖాలు కడుక్కునే కుళాయిలకీ మధ్య ఇరుకున ఒక గది ఉంది. జనం బస్సుల్లో మరిచిపోయిన వస్తువులన్నీ సాయంత్రానికి ఆ గదికే చేరతాయి. పదకొండేళ్లుగా ఆ గదికి ఒకే గుమస్తా. ఆయనకు అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ డిపోలో ఎవరికీ అది గుర్తు లేదు. అందరూ కొలబద్దగారనే అంటారు. భయం కొద్దీ ‘గారు’ తగిలించలేదు లెండి. ఆరడుగుల రెండంగుళాల మనిషిని ఉత్త కొలబద్ద అనడానికి నోరాడక అలా అలవాటైపోయింది.

పేరు ఊరికే రాలేదు. ఆయన బల్ల మీద ఒక చెక్క స్కేలు, ఒక టేపు, ఒక చిన్న త్రాసు ఉంటాయి. కండక్టరు ఏ వస్తువు తెచ్చినా ముందు కొలుస్తాడు, తరవాత తూస్తాడు, ఆ తరవాతే రిజిస్టర్లో రాస్తాడు. కొలతకీ తూకానికీ లొంగనిది ఆయన లెక్కలో లేనట్టే. ఒకసారి తొమ్మిదో నంబరు బస్సు కండక్టరు ఒక సంచి తెచ్చి, "పాత సంచి దొరికిందండీ" అన్నాడు. అంతే, పాపం ఆ మనిషికి అరగంట అక్కడే తెల్లారిపోయింది.

"పాత అంటే? దేనికన్నా పాత?"

"అంటే... చూస్తే తెలుస్తోంది కదండీ."

"నీకు తెలిసింది నీ అభిప్రాయం. నాకు కావలసింది నిజం. పొడవు నలభై, వెడల్పు ముప్ఫై ఆరు, చిరుగులు రెండు. ఇదీ నిజమంటే. పాతదా కొత్తదా, మంచిదా చెడ్డదా అన్నది నీ బుర్రలో ఉంది. సంచిలో లేదు. కావాలంటే చూసుకో."

కండక్టరు నిజంగానే సంచిలోకి తొంగి చూశాడు. లోపల ఒక దువ్వెన తప్ప ఏమీ లేదు. దాన్నీ కొలిచి రాసుకున్నాడు కొలబద్దగారు.

రిజిస్టర్లో చివరి గడి ‘రిమార్కులు’. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఆయన స్కేలు పెట్టి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆ గడిని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశాడు. రిమార్కంటే అభిప్రాయం, అభిప్రాయమంటే అబద్ధానికి మేనత్త అని ఆయన సిద్ధాంతం. ఎవరో పసిపిల్ల బస్సులో వదిలేసిన బొమ్మ గురించి ఆయన ఏం రాశాడో తెలుసా? ‘బొమ్మ, గుడ్డది. పొడవు 31. బరువు 140. కళ్లు 1.’ ఆ బొమ్మ చెవి ఒకటి నమిలి నమిలి పీలికై ఉంది. ఆ నమిలిన పిల్ల దాన్ని పక్కలో పెట్టుకోకుండా ఎలా నిద్రపోతోందో అని మీకూ నాకూ అనిపిస్తుంది. ఆయనకూ అనిపించి ఉండొచ్చు. కానీ రాయలేదు.

ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి, మరీ ఆడిపోసుకుంటే కళ్లుపోతాయి. ఆయన అలా తయారవడానికి కారణం ఉంది. ఆయనకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న గుమస్తాని అయ్యోపాపంగారు అనేవాళ్లు. కౌంటరు దగ్గర ఎవరి కళ్లలో తడి కనబడినా "అయ్యో పాపం, తీసుకుపోండి" అని ఇచ్చేసేవాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, జనం వస్తువులు జనానికే పంచిపెట్టాడు. ఒక మహానుభావుడు ఏడాదిలో పదకొండుసార్లు వచ్చి, పదకొండుసార్లు వెక్కివెక్కి ఏడ్చి, పదకొండు గొడుగులు పట్టుకుపోయాడు. ఆ తరవాత డిపో గేటు ఎదురుగానే గొడుగుల దుకాణం తెరిచాడు. ఆ దుకాణంలో తన గొడుగునే చూసి ఒకావిడ మూర్ఛపోయింది. అప్పుడు వచ్చాడు కొలబద్దగారు. రాగానే గోడకు కాగితం అంటించాడు: ‘వస్తువును చూడకముందే మూడు గుర్తులు చెప్పవలెను. చెప్పినవి రిజిస్టరుతో సరిపోవలెను. ఏడ్వరాదు.’

దొంగ ఏడుపులు ఆగిపోయాయి, కాదనలేం. చిక్కల్లా అసలు వాళ్లు కూడా ఉత్తచేతులతో వెళ్లిపోవడం మొదలైంది. తన గొడుగు పొడవు ఎంతో, తన సంచి బరువు ఎంతో ఎవడు కొలిచి పెట్టుకుంటాడు చెప్పండి? నూరు వస్తువులు వస్తే ఏడు తిరిగి వెళ్లేవి. మిగతావి అటకెక్కేవి. అటక నిండాక నేల మీదికి దిగాయి.

ఇంట్లో మాత్రం తక్కువ తిన్నాడా? ఆయన భార్య పెద్దాసుపత్రిలో విచారణ కౌంటర్లో కూర్చుంటుంది. ఐదడుగులు కూడా లేదు గానీ నోట్లో నువ్వుగింజ నానదు. పెళ్లయిన కొత్తలో వండి వడ్డించి, "కూర ఎలా ఉంది?" అని అడిగేది.

"ఉప్పు ఉంది" అనేవాడాయన.

"ఉప్పు నేనే వేశాను, నాకు తెలుసు. ఎలా ఉంది?"

"వేడిగా ఉంది."

ఆ తరవాత అడగడం మానేసింది. అయితే ఆవిడా ఊరుకునే రకం కాదు. ఒకరోజు గట్టిగానే వేసుకుంది. "నా దగ్గరికి తల్లులు వచ్చి మావాడు ఎలా ఉన్నాడమ్మా అని అడుగుతారు. నేను నూట ఒకటి జ్వరం, నాడి తొంభై ఆరు అని చెబితే వాళ్లు అక్కడే కూలబడతారు. వార్డులో కనుక్కుని, బాగానే ఉన్నాడమ్మా అని చెబుతాను. అది అబద్ధమా?"

"జ్వరం నిజం. బాగానే ఉన్నాడన్నది నీ అభిప్రాయం."

"బాగా ఉండటం గురించి కాకపోతే ఆ జ్వరం చూడటం దేనికండీ? థర్మామీటరు సరదాగా పెడతారా?"

ఏమైతేనేం, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

పందొమ్మిదేళ్ల కాపురం ఇలాగే నడిచింది. మంచివాడే. చెడు అలవాట్లు లేవు, చెయ్యెత్తడు, గొంతెత్తడు. కాకపోతే ఒక్క మంచి మాట కూడా ఎత్తడు.

ఇంతలో ఒక మంగళవారం కొత్త మేనేజరమ్మ గది చూడటానికి వచ్చింది. తలుపు తెరుచుకోలేదు, వెనకాల సామాను అడ్డం. కొలబద్దగారూ, ఆ గది ఊడ్చే ఆయమ్మా కలిసి లోపలి నుంచి లాగితే సగం తెరుచుకుంది. మేనేజరమ్మ పక్కకు తిరిగి లోపలికి దూరి నాలుగు వైపులా చూసింది.

"ఇది పోయిన వస్తువుల గదా, వస్తువులు పోయే గదా?"

"రిజిస్టర్లో ఒక్క తప్పు లేదు మేడమ్. ఏ పేజీ అయినా తెరిచి ఏ వస్తువైనా కొలుచుకోండి" అన్నాడాయన ఛాతీ విరుచుకుని.

"తప్పు లేదు, నిజమే. తిరిగి వెళ్లిన వస్తువులూ లేవు. శనివారం పదకొండింటికి తుక్కు లారీ వస్తుంది. అప్పటికి తీసుకెళ్లనివన్నీ ఎత్తించెయ్యండి."

ఆ సాయంత్రం భోజనం దగ్గర కొలబద్దగారు ఈ సంగతి చెప్పాడు. ఎప్పటిలాగే కొలతల్లో. "శనివారం లారీ. సంచులు నూట పన్నెండు, ఫ్లాస్కులు ముప్ఫై, నల్ల గొడుగులు నలభై ఒకటి."

భార్య చేతిలో గరిటె గిన్నెలో పడింది. "గొడుగులు కూడానా?"

"అన్నీ."

ఆవిడ గరిటె తీస్తూ మెల్లగా చెప్పింది. మూడు వారాల కింద తొమ్మిదో నంబరు బస్సులో గొడుగు మరిచిపోయిందట. ఆసుపత్రిలో ఉంది, ఆసుపత్రిలో ఉంది అని ఇన్నాళ్లూ బొంకుతోందట.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఫారం నింపమంటారని!"

"వేరేది కొనుక్కోవచ్చు. గొడుగే కదా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "వేరేది ఎన్నైనా కొనుక్కోవచ్చు. మన పెళ్లయ్యాక మొదటి వానలో కొన్న గొడుగది. దుకాణంలో నేను తెరిచి పట్టుకుంటే మీరు చూసి, బాగుంది అన్నారు. ఈ పందొమ్మిదేళ్లలో మీ నోటి నుంచి ఆ మాట వచ్చింది ఆ ఒక్కసారే. దాన్ని నేను వానకి మాత్రమే మోస్తున్నానా? నాకు ఆ గొడుగే కావాలి."

కొలబద్దగారు బాగా ఆలోచించాడు. "నాకు గుర్తున్నంత వరకు, తెరుచుకుంటోంది అన్నాను."

"బాగుంది అన్నారు!"

"సరే. రేపు కౌంటరుకి రా. మూడు గుర్తులు చెప్పు."

"కట్టుకున్న పెళ్లానికి కూడా మూడు గుర్తులా?"

"కట్టుకున్న పెళ్లామని ఇస్తే, అయ్యోపాపంగారికీ నాకూ తేడా ఏముంది?"

బుధవారం మధ్యాహ్నం ఆవిడ నిజంగానే వచ్చింది. వరసలో నలుగురి వెనకాల నిలబడింది. తన వంతు వచ్చాక కౌంటరు మీద గడ్డం ఆనించి చూసింది, ఆవిడకి అంతవరకే అందుతుంది. గుమస్తా తల ఎత్తకుండా ఫారం తీశాడు.

"పేరు?"

"పందొమ్మిదేళ్లుగా మీరు పిలిచే పేరే."

ఆయన కలం ఆగిపోయింది. ఆయన ఆవిడని "ఇదిగో" అని తప్ప పిలిచింది లేదు. వెనకాల ఉన్నవాళ్లు నవ్వారు. "రాసుకోండి, మొహమాటమెందుకు? ఇంటిపేరు కూడా ఇదిగోనే" అంది ఆవిడ.

"వస్తువు?"

"గొడుగు. నలుపు."

"పొడవు?"

"నాకంటే పొట్టి, మీ నాలుక కంటే పొడుగు."

"బరువు?"

"వెళ్లేటప్పుడు తేలిగ్గా ఉంటుంది, ఇంటికొచ్చేటప్పుడు బరువుగా ఉంటుంది."

"గుర్తులు?"

"మంచి గొడుగు. చాలా మంచి గొడుగు."

ఆయన కలం కింద పెట్టాడు. "అది గుర్తు కాదు. నలభై ఒక్క గొడుగులున్నాయి. వాటి సొంతదార్లు నలభై ఒక్కమందీ అదే మాట చెబుతారు."

"చెబితే ఆ నలభై ఒక్కమందీ నిజమే చెప్పినట్టు."

రిజిస్టరుతో సరిపోలేదని ఫారం మీద ముద్ర పడింది. ఆవిడ ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఆవిడ అరిస్తే ఆయనకు అలవాటే. మాట్లాడకుండా వెళ్లడం మాత్రం ఇదే మొదలు.

గురువారం ఇంట్లో కొత్త పద్ధతి అమలులోకి వచ్చింది. ఆయన కాళ్లు కడుక్కుని రాగానే ఆవిడ చెప్పింది: "భోజనం ఉంది. కంచం ఉంది. నీళ్లు ఉన్నాయి. నేను ఉన్నాను."

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. ఉన్నది చెప్పాను. తక్కినది నా అభిప్రాయం, అది మీకు అక్కర్లేదు."

కొలబద్దగారు తిన్నాడు. కూరలో ఉప్పు ఉంది, వేడి ఉంది, అన్నీ ఉన్నాయి. అయినా ముద్ద దిగలేదు. తన మాటలు తనకే వడ్డిస్తే ఇంత చప్పగా ఉంటాయని ఆయనకి ఇన్నేళ్లుగా తెలియదు.

శుక్రవారం పొద్దున్నే గది తలుపు వేసుకుని నలభై ఒక్క గొడుగులనూ నేల మీద పరిచాడు. మా ఇంటి గొడుగు నాకు తెలియకపోతుందా, ముందు నేను చూసుకుని తరవాత సంగతి ఆలోచిద్దాం అనుకున్నాడు. ఇది నిబంధనకు విరుద్ధం కాదని తనకు తానే రెండుసార్లు చెప్పుకున్నాడు కూడా. మొదటిది తెరిచాడు. ఇదేనేమో అనిపించింది. రెండోది తెరిచాడు. ఇదీ అలాగే ఉంది. పదిహేనోది తెరిచేసరికి గదిలో నిలబడే చోటు లేదు. ముప్ఫయ్యోది తెరిచేసరికి చెమటలు పట్టాయి. మూడు వారాల కింద ఈ నలభై ఒకటిలో ఒకదాన్ని తానే చేతిలోకి తీసుకున్నాడు, కొలిచాడు, తూచాడు, చీటీ కట్టాడు. పందొమ్మిదేళ్లు దాని కింద నడిచాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాడైనా నయం, వాడికి పిల్ల ఏడిస్తే తెలుస్తుంది.

ఆయమ్మ చీపురుతో లోపలికి వచ్చి, గొడుగుల మధ్య మోకాళ్ల మీద ఉన్న ఆరడుగుల మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. సంగతంతా విని చీపురు గోడకు ఆనించింది.

"అయ్యా, ఒకటి అడుగుతాను, కోప్పడకండి. ప్రతిదాని పొడవే ఎందుకు కొలుస్తారు?"

"పొడవు ముఖ్యం కాబట్టి."

"ముఖ్యమని ఏ స్కేలుతో కొలిచారు?"

కొలబద్దగారు చేతిలోని టేపు వైపు చూశాడు.

"ఆ బొమ్మకి వాసన ఉంది, అది రాయలేదు. చెవి నమిలి ఉంది, అదీ రాయలేదు. పొడవు రాశారు. అంటే చెవి అక్కర్లేదని మీరే తీర్మానించారు. అది మీ అభిప్రాయం కాదా? ఆ తల్లి రెండుసార్లు వచ్చింది. చెవి నమిలిన బొమ్మండీ అని చెప్పింది. పొడవు చెప్పమని పంపేశారు."

"మరి అయ్యోపాపంగారిలా ఇచ్చెయ్యమంటావా? పదకొండు గొడుగులు పోయాయి!"

"ఆయనదీ తప్పే. ఏడుపు చూశాడు గానీ వస్తువు చూడలేదు. మీరు వస్తువు చూస్తారు గానీ మనిషిని చూడరు. ఆయనలా ఇవ్వకండి, మీలా కొలవండి. కాకపోతే కొలిచేముందు ఆ మనిషిని అడగండి, దాంతో ఏం చేసేవాళ్లని. వాడుకున్న చోటల్లా వస్తువు మీద మచ్చ పడుతుంది. నా చీపురే చూడండి, నేను ఎడమ చేతివాటం, అది ఎటు అరిగిందో." అని చీపురు తీసి చూపించింది. నిజమే, ఒక పక్కే అరిగి వంకరపోయి ఉంది.

కొలబద్దగారు అలవాటు కొద్దీ ఆ వంకర కొలవబోయి, టేపు జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన ఏమీ వివరించలేదు. "రేపు పదింటికి మళ్లీ రా" అన్నాడంతే. "ఎందుకు, ఇంకో ముద్ర వేయించుకోవడానికా?" అంది ఆవిడ. కానీ వచ్చింది.

శనివారం పొద్దుటి నుంచీ వాన. పదింటికే తుక్కు లారీ వచ్చి షెడ్డు ముందు నిలబడింది. మేనేజరమ్మ చేతిగడియారం చూసుకుంటూ వరండాలో ఉంది. భార్య తలకి ప్లాస్టిక్ సంచి చుట్టుకుని వచ్చి కౌంటరు మీద గడ్డం ఆనించింది. కొలబద్దగారు కొత్త ఫారం తీశాడు. పొడవు గడి దగ్గర కలం ఆగింది, దాటిపోయింది.

"గొడుగు ఎలా పట్టుకుంటావు?"

"ఏమిటీ?"

"వానలో మనం నడిచేటప్పుడు ఎలా పట్టుకునేదానివి? చూపించు."

ఆవిడకు ఒళ్లు మండింది. "ఎలా పట్టుకోవడమేమిటి? మీరేమో తాటిచెట్టు. మీ రెండు చేతులూ ఆ ఆఫీసు సంచికే సరిపోతాయి. మీ తలకి అందేలా నేను పిడి పట్టుకుని చెయ్యెత్తితే గొడుగు గాలికి ఊగిపోతుంది. అందుకని ఇదిగో, వంకీని గాలికి వదిలేసి పైన కాడ పట్టుకుని, చెయ్యి ఇంత ఎత్తుకి లేపి నడుస్తాను." కౌంటరు మీది రూళ్లకర్రను గొడుగులా ఎత్తి చూపించింది. "పందొమ్మిదేళ్లుగా భుజం పడిపోతోంది."

ఆయన రిజిస్టరు తిప్పాడు. వేలు వరసలంట దిగుతూ దిగుతూ ఇరవై ఏడో గొడుగు దగ్గర ఆగింది. తన చేతిరాతే. ‘కాడపై రంగు పోయినది. పిడికి 22 పైన, 8 మేర.’ మిగతా నలభై గొడుగుల్లో ఒక్కదానికీ ఆ మాట లేదు.

"ఒక గుర్తు. ఇంకా?"

"ఇంకానా? మీ తల తగలకూడదని ఎత్తి పట్టుకుంటే మన వాకిలి గుమ్మానికి కొట్టుకుంటుంది. ప్రతిసారీ ఒకే చోట. అక్కడ ఊచ వంగే ఉంటుంది."

‘ఊచ 1 వంగినది.’

"రెండు. ఇంకొకటి."

ఆవిడ కాస్త తగ్గింది. ఆయన ముఖం చూసి ఏదో అనుమానం వచ్చినట్టుంది. "ఇంకేముంది... అది ఎప్పుడూ మీ వైపుకే వాలి ఉంటుంది. మీరు తడిస్తే జలుబు చేస్తుంది కదా. మీ పక్క కిందికి వాలితే నా పక్క ఆకాశం వైపు తేలుతుంది. ఎండాకాలంలోనూ అలాగే పడతాను, ఎండంతా దానికే తగులుతుంది. ఆ పక్క గుడ్డ వెలిసిపోయి బూడిదరంగుకి వచ్చింది. కొత్త గుడ్డ వేయిద్దామని మీకు చెప్పాను కూడా. గొడుగు తెరుచుకుంటోంది కదా అన్నారు."

‘గుడ్డ ఒక పక్క 3 పలకలు రంగు వెలిసినది.’

అన్నీ ఉన్నాయి. సెంటీమీటరు తేడా లేకుండా తానే రాశాడు. కానీ రాసిన రోజు అవి ఏమిటో తెలియలేదు. భార్య ఎత్తిన చెయ్యిని కొలిచి ఎనిమిది సెంటీమీటర్లని రాసుకున్నాడు, పక్క చీటీకి వెళ్లిపోయాడు.

ఆయన లోపలికి వెళ్లి ఇరవై ఏడో గొడుగు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. "మూడూ సరిపోయాయి" అన్నాడు.

ఆవిడ గొడుగును చంకలోకి లాక్కుంది. ఆ తరవాత రిజిస్టరు తనవైపు తిప్పుకుని చదివింది. చదివి తలెత్తింది. "ఇంత చూసి కూడా నాదని తెలియలేదా మీకు?"

"తెలియలేదు" అన్నాడాయన. జీవితంలో ఆయన చెప్పిన నిజాలన్నిటిలోకీ చెప్పడానికి కష్టమైంది అదే.

అప్పుడే లారీ హారను కొట్టింది. కొలబద్దగారు ఒక్క ఉదుటున వరండాలోకి వెళ్లి లారీకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ పొడుగు ఆ ఒక్క రోజు బాగా పనికొచ్చింది.

"మేడమ్, నెల రోజులు గడువివ్వండి. కొలతల్లో తప్పు లేదు. అడగడంలో తప్పుంది. మళ్లీ అడుగుతాను."

మేనేజరమ్మ వానలో తడుస్తున్న ఆ మనిషిని కిందినుంచి పైదాకా చూసింది. అందుకు కొంచెం సేపు పట్టింది. "మీ రిజిస్టర్లో తప్పుందని మీరే అంటున్నారా? సరే, నెల రోజులు. ఇది చూడటానికైనా ఇవ్వాలి" అని లారీని వెనక్కి పంపించింది.

మధ్యాహ్నం ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. వాన తగ్గలేదు. ఆవిడ గొడుగు తెరిచి, అలవాటు ప్రకారం కాడ పట్టుకుని చెయ్యి పైకెత్తింది. ఆయన అలవాటు ప్రకారం ఆఫీసు సంచి గుండెలకు హత్తుకుని ముందుకు చూస్తూ నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగులో తల పక్కకి తిప్పాడు. పందొమ్మిదేళ్లలో వానలో ఆయన అటు తిరిగి చూడటం అదే మొదటిసారి. ఆవిడ బయటి భుజం ముద్దగా తడిసి ఉంది. చీర భుజం నుంచి మోచేతి దాకా ఒంటికి అంటుకుపోయి ఉంది. చేతి మీదుగా నీళ్లు కారుతున్నాయి. ఆవిడేమో అది లెక్కలోనే లేనట్టు, ఆసుపత్రిలో ఎవరో ముసలాయన చేసిన గోల గురించి ఏదో చెప్పుకుపోతోంది.

ఆయన సంచిని మెడకు తగిలించుకుని గొడుగు లాక్కున్నాడు.

"ఇదేమిటి? మీరు పట్టుకుంటే అంత ఎత్తునుంచి జల్లంతా నా మొహాన కొడుతోంది! ఇప్పుడు ఇద్దరం తడుస్తున్నాం!"

"వంగి నడుస్తాను."

"జనం నవ్వుతారండీ."

"అది వాళ్ల అభిప్రాయం" అని, నడుం వంచి, గొడుగును ఆవిడ వైపుకే వాల్చి ఇంటిదాకా నడిచాడు కొలబద్దగారు. దారి పొడుగునా జనం నవ్వారు కూడా. అందరికంటే ఎక్కువగా నవ్వింది ఆవిడే.

ఆదివారం ఆయనకు నడుం పట్టేసింది, జలుబు చేసింది. సోమవారం మాత్రం ముక్కు తుడుచుకుంటూ ముందే వచ్చి కూర్చున్నాడు. పాత ఫారంలో చిరునామా చూసి ఆ తల్లికి కబురంపితే, చెవి నమిలిన బొమ్మ ఆ రోజే ఇల్లు చేరింది. సాయంత్రం మేనేజరమ్మ రిజిస్టరు తెప్పించుకుని, ఎర్ర సిరాతో కొట్టేసిన పేజీలు తిరగేస్తూ ఇరవై ఏడో గొడుగు దగ్గర ఆగింది. పదకొండేళ్లలో మొదటిసారి రిమార్కుల గడిలో, ఆ ఎర్రగీత మీదనే, నీలం సిరాతో నాలుగు ముక్కలు రాసి ఉన్నాయి. పక్కన తుడుస్తున్న ఆయమ్మ కోసం ఆవిడ పైకే చదివింది.

‘సొంతదారుకు ఇచ్చినాను. ఈమె భుజం పందొమ్మిదేళ్లుగా తడుస్తున్నది. కొలవలేదు. నిజము. గొడుగు బాగుంది, మొదటి రోజు కూడా అదే అన్నాను.’